పదకొండు చుక్కలు

నిన్న నయాపూల్ దగ్గరి ఒక ల్యాబులో షుగరు పరీక్షకు రక్తం ఇచ్చి, మోకాళ్ళు పట్టేసి వెంటనే లేవలేక అక్కడే కుర్చీలో కూర్చుండిపోతే, అద్దం తలుపు అవతల కంప్యూటర్ తెర మీద చుక్కల గ్రాఫు ఒకటి కనిపించింది. దాని ముందు కూర్చున్న పిల్ల అటు కన్నెత్తయినా చూడకుండా ఫోనులో మునిగిపోయి ఉంది. ఆ పిల్లను అనడానికి నాకేం ముఖం ఉంది గనక! నా వయసంతా ల్యాబుల్లోనే అరగదీసి రిటైరైనదాన్ని, ఆ చుక్కల్ని చూస్తే ఇప్పటికీ నాకు నీరసమే వస్తుంది.

ఆ గ్రాఫు సంగతి మీకు తెలియకపోవచ్చు, చెబుతాను. రోగుల రక్తం ముట్టుకునే ముందు, ప్రతి ఉదయం, విలువ ముందే తెలిసిన సీరం ఒకటి పరీక్షించి చూసుకోవాలి, దాన్ని కంట్రోలు అంటాం. మా రోజుల్లో దాన్ని మేమే తయారుచేసుకునేవాళ్ళం, పరీక్షలు అయిపోయాక మిగిలిన సీరమంతా ఒక సీసాలో కలిపి, చిన్న చిన్న గొట్టాల్లో పోసి ఫ్రీజరులో దాచేవాళ్ళం. ఇరవై రోజులు దాన్ని కొలిచి సగటు తీస్తే అది గ్రాఫులో మధ్య గీత, ఆ సగటుకు అటూ ఇటూ మామూలుగా ఎంత తేడా వస్తుందో లెక్కకట్టి గీసేవి పై హద్దూ కింది హద్దూ. ఎంత శ్రద్ధగా చేసినా చుక్క రోజూ మధ్య గీత మీద కూర్చోదు, ఒకనాడు పైన, ఒకనాడు కింద, ఎప్పుడో ఒకసారి హద్దు దాకా పోయి మన ప్రాణం తీస్తుంది. అట్లా చెదిరి పడటమే మంచి లక్షణం. రోజురోజుకూ ఒకే పక్కకు జారుతున్నాయంటే మాత్రం పరీక్షకు సీరంలో కలిపే మందు పాడైందనో మెషిన్ మొరాయిస్తోందనో అర్థం.

అప్పుడు నేను పాతబస్తీలో ఒక ఆసుపత్రిలో టెంపరరీ టెక్నీషియన్ని. మాది పాలవ్యాపారం చేసే ఇల్లు, మా బాపు రోజూ పొద్దున్నే సైకిల్ మీద ఆసుపత్రి క్యాంటీనుకు పాలు వేసి, పోతూ పోతూ ఒకసారి మా ల్యాబులోకి తొంగిచూసి వెళ్ళేవాడు. బిడ్డ తెల్లకోటు వేసుకుని నిలబడటం చూడాలని ఆయన ముచ్చట. ఆ ఎండాకాలం నాతోపాటు పనిచేసే అక్కయ్య ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉంది. ఇద్దరి పని నా ఒక్కదాని మీద పడి తల ప్రాణం తోకకొచ్చేది. తలుపు తెరవకముందే కిటికీ దగ్గర లొల్లి మొదలయ్యేది, పరగడుపున వచ్చిన ముసలివాళ్ళు, గర్భిణులు అందరూ నన్నే తిట్టుకునేవారు, నాకేమో కంట్రోలు పెట్టి గ్రాఫు వేసేసరికి అరగంట పోయేది. ఒకరోజు ఆ అరగంట మిగుల్చుకున్నాను. కంట్రోలు పెట్టలేదు, పెన్సిల్‌తో మధ్య గీతను ఆనుకుని ఒక చుక్క పెట్టేశాను. మరుసటి రోజూ అంతే. ఎవరూ అడగలేదు, పైగా మా ఇన్‌చార్జి మేడమ్ ఒకసారి అటుగా పోతూ బాగుందమ్మా అని మెచ్చుకుంది కూడా. అట్లా పదకొండు రోజులు, పదకొండు చుక్కలు.

పట్టుకున్నది మా బాపు. ఆ రోజు లోపలికొచ్చి గోడ మీది కాగితం చూసి ఇదేంది బిడ్డా అన్నాడు. కొంచెం గొప్పగానే వివరించాను. ఆయన కళ్ళు చికిలించి ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, “గిట్లెట్ల వస్తది? మనింటి బర్రె పాలే దినాం ఒక్క తీరుగ రావు. పాలల్ల మీటర్ పెడితే ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ. ఒక్క తీరుగ వచ్చినయంటే ఎవరో చెయ్యి పెట్టిండ్రన్నట్టే గదా” అన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. “ఇది రక్తం బాపూ, పాలు కాదు. నీకేం తెలుసు, పో” అన్నాను, పెద్దమనిషిని పట్టుకుని. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, సైకిల్ తీసుకుని వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున ఎవరూ రాకముందే పోయి కంట్రోలు పెట్టాను. చుక్క కింది హద్దు కూడా దాటి ఎక్కడో అడుగున పడింది. మళ్ళీ పెట్టాను, అక్కడే. కొత్త మందు సీసా విప్పి పెడితే మధ్య గీత దగ్గరికి వచ్చింది. కరెంటు కోతలకు ఫ్రిజ్ ఆగి పాత సీసా చెడిపోయింది, ఏ రోజున చెడిందో చెప్పాల్సిన చుక్కల్ని నేనే మాయం చేశాను. అంటే ఆ పదకొండు రోజుల్లో ఎప్పటినుంచో షుగర్లన్నీ ఉన్నదానికంటే తక్కువ చూపించాయి, షుగరున్నవాళ్ళను కొందరిని నీకేం లేదని నా చేత్తో ఇంటికి పంపాను. అప్పటికి నా పర్మనెంటు ఆర్డరు కాగితాలు మేడమ్ బల్ల మీదే ఉన్నాయి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, ఆ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధమవుతుంది. అయినా వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసి ఏడ్చాను. ఆమె నా ఆర్డరు కాగితాలు తీసి సొరుగులో పెట్టేసింది. తర్వాత, “ఏడుపు తర్వాత. ముందు రిజిస్టర్ పట్రా” అంది.

ఆ పదకొండు రోజుల రిపోర్టుల్లో, షుగరు ఉందనే హద్దుకు కాస్త కిందగా ఉన్నవాళ్ళు పంతొమ్మిది మంది తేలారు. కొందరికి కార్డులు రాశాం, మసీదు వెనక, చాయ్ హోటల్ పక్కన అని మాత్రమే రాసి ఉన్నవాళ్ళను వెతకడానికి మధ్యాహ్నాలు నేనే బయలుదేరాను. నేను అడగకుండానే బాపు వెంట వచ్చాడు, పాలు పోసి పోసి ఆయనకు తెలియని గల్లీ లేదు. బజారులో పూలు అమ్మే ఒకాయనను బేరం మధ్యలోంచే పట్టుకొచ్చాం. ఒకరొకరుగా పద్దెనిమిది మంది మళ్ళీ వచ్చి రక్తం ఇచ్చారు. అందులో ఏడుగురికి షుగరు ఉన్నట్టే తేలింది, మందులు మొదలయ్యాయి.

మిగిలినది బార్కస్ గల్లీల్లో ఉండే పిల్ల ఒకతె. కడుపుతో ఉంది, మొదటి కాన్పు. షుగరేమోనని డాక్టరమ్మ అనుమానపడి పంపితే, ఏమీ లేదని రిపోర్టు ఇచ్చింది నేనే. మేం వెళ్ళేసరికి ఇంటికి తాళం ఉంది. పక్కింటి పెద్దావిడ పరదా పక్కకు జరిపి, “వో తో పర్సోంచ్ చలీ గయీ బేటీ, జచ్గీ కే వాస్తే మైకే లేకే గయే” అంది. కాన్పుకు పుట్టింటికి మొన్ననే తీసుకుపోయారట, ఊరు బీదర్ వైపు ఎక్కడో అట, పేరు తెలియదట. తనకు చదువు రాదని ఆమె అంటే, రిపోర్టు తప్పు, మళ్ళీ పరీక్ష చేయించుకోవాలని రాసిన చీటీ చేతిలో పెట్టి, అందులో ఉన్నది మూడుసార్లు నోటితో చెప్పి వచ్చాను. “ఫికర్ చెయ్యకు, గామె చెప్తది తియ్యి” అన్నాడు బాపు.

ఆ ఫికర్, ఆ బెంగ ఎవరు పడ్డారో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. వారానికొకసారి పాలు వేసి వచ్చేటప్పుడు బార్కస్ దాకా సైకిల్ తొక్కుకుంటూ పోయి, ఆ తాళం చూసి, ఆ పెద్దావిడను అడిగి వచ్చేవాడట, నాకు ఒక్క మాట చెప్పకుండా. ఏడాది తిరిగేసరికి ఆ ఇంట్లో వేరే కిరాయిదారులు దిగారట.

పర్మనెంటు ఆర్డరు నాకు మూడేళ్ళు ఆలస్యంగా వచ్చింది. బాధపడలేదని అనను గానీ, ఎవరినీ తప్పుపట్టలేదు. ఆ తర్వాత ఒక్క రోజు కూడా కంట్రోలు మానలేదు, జ్వరంతో ఉన్నా మానలేదు. గర్భిణుల రోజున బార్కస్ నుంచి ఎవరొచ్చినా ఆమె పేరు చెప్పి అడిగేదాన్ని, ఎవరూ తెలుసనలేదు.

ఇప్పుడు చుక్కలు మెషినే పెట్టుకుంటుంది, హద్దు దాటితే తనే ఎర్రగా అరుస్తుంది, నాలాంటివాళ్ళు చెయ్యి పెట్టడానికి వీల్లేదు, మంచిదే. నిన్న నా రిపోర్టు నేను ఆటో దిగకముందే ఫోనుకు వచ్చేసింది. అందులో తప్పుంటే చెప్పడానికి మా గల్లీ వెతుక్కుంటూ ఎవరైనా వస్తారా అంటే రారు, ఇంకో మెసేజ్ వస్తుందేమో. దాని మీద విసుక్కునే ఓపిక కూడా నాకిప్పుడు లేదు. ఆ బార్కస్ పిల్ల బతికి ఉంటే నాకంటే నాలుగేళ్ళు చిన్నది, ఆ కడుపులోని బిడ్డ బతికి బట్టకట్టి ఉంటే ఈపాటికి దానికీ పిల్లలుంటారు. మేడమ్ పోయింది, బాపు పోయాడు. ఆ రిజిస్టర్లు ఎప్పుడో చెదలు తినేసి ఉంటాయి. ఆమె కోసం వెతికినవాళ్ళలో ఆమె పేరు తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.