ఫ్రిజ్ గెలిచిన బతుకమ్మ

మా అత్తమ్మకు ఫ్రిజ్ కావాలె. ఇంట్ల ఉన్నది కిందికెల్లి నీళ్లు కారుస్తది, ఎనకకెల్లి మొత్తుకుంటది. కొత్తది కొందామంటే మా ఆయన "దసరా ఆఫర్లు రానియ్" అంటడు. దసరాలు వస్తనే ఉన్నయ్, పోతనే ఉన్నయ్.

గట్లున్నప్పుడు భానూర్ రోడ్డు మీద ప్లాట్లు అమ్మేటోళ్లు మా కాలనీల బతుకమ్మ పోటీ పెట్టిన్రు. అందరికన్న ఎత్తుగ పేర్చినోళ్లకు డబుల్ డోర్ ఫ్రిజ్ అని ఆటోల మైకు పెట్టి చెప్పుకుంట తిరిగిన్రు.

"ఈ కాలనీల నాకంటె మంచిగ పేర్చేటోళ్లు ఎవలున్నరే?" అన్నది అత్తమ్మ. నిజమే, ఎవలు లేరు. కర్దనూర్ దిక్కు పోయి తంగేడు, గునుగు పూలు మోసుకొచ్చినం. ఫ్యాక్టరీ గోడల పొంటి గునుగు బాగ పెరుగుతది. ఎందుకో నాకు తెల్వదు, అడగను గూడ. ప్లాంటు ఉద్యోగానికని కోస్తా నుంచి వచ్చి ఇక్కడనే ఉండిపోయిన పక్కింటామె సాయం పట్టింది. "మాకీ పండగ లేదు పిన్నిగారూ, ఫ్రిజ్జంటే మాత్రం వస్తా" అన్నది.

పేర్చుడైనంక పసుపు ముద్దతోని గౌరమ్మను చేసి, గుమ్మడి పువ్వుల పెట్టి, పైన కూసుండబెట్టింది అత్తమ్మ. దేవత గౌరమ్మనే. కిందియన్ని ఆమె కూసునే పూలు.

ఆఖరి రోజు, సద్దుల నాడు గ్రౌండ్ల డీజే పెట్టిన్రు. మేం పాడింది మాకే ఇనబడలే. చప్పట్లు కొట్టుకుంట తిరిగినం. ఇగ టేపు తెచ్చి కొలిచిన్రు. మాదే ఎత్తు! అత్తమ్మ నన్ను గట్టిగ పట్టుకున్నది. పెండ్లయి వచ్చిన కాన్నుంచి గట్ల పట్టుకున్నది లేదు.

ఫొటోలైనంక బతుకమ్మను ఎత్తుకుందామని వంగినం. టై కట్టుకున్న మేనేజర్ అడ్డమొచ్చిండు.

"అమ్మా, గెలిచినది మా సైటు ఆఫీసుల పెడ్తం. దీపావళి దాంక. రూల్ అది."

"చెరువుల వెయ్యొద్దా?" అన్నది అత్తమ్మ.

"చెరువుల వేస్తే ఎవరు చూస్తరు?"

"ఇయ్యాల సాగనంపాలె బిడ్డా. గౌరమ్మను ఆపొద్దు."

"అయితే తీస్కపోండ్రి. ఫ్రిజ్ రెండో నంబరోళ్లకు ఇస్తం."

అత్తమ్మ ఫ్రిజ్ దిక్కు చూసింది. దానికి ఎర్ర రిబ్బన్ కట్టి ఉన్నది. మళ్ల బతుకమ్మ దిక్కు చూసింది. నాకూ కావాలె గద ఫ్రిజ్.

అత్తమ్మ పైనున్న గౌరమ్మను మెల్లగ తీసి, తమలపాకుల పెట్టుకొని, కొంగు కప్పింది.

"పూలు నువ్వుంచుకో," అన్నది.

మేనేజర్ ఏం పరేషాన్ గాలే. ఖాళీ అయిన జాగల కంపెనీ బోర్డు గుచ్చిండు. సరిగ్గ సరిపోయింది.

చెరువు కాడ అందరు నెత్తి మీద బతుకమ్మలతోని దిగుతున్నరు. మేం పూలు లేకుంట పోయినం. "మీదేది?" అని అడిగేటోళ్లకు నేను ఏదో ఒకటి చెప్పిన. అత్తమ్మ మోకాళ్ల లోతుల నిలబడి, ఆ పసుపు ముద్దను రెండు చేతుల్ల పట్టుకొని చానసేపు ఇడువలే.

"తల్లీ, నీ పూలు అమ్ముకున్న," అన్నది. నాకు ఏడుపొచ్చింది.

ఫ్రిజ్ తెల్లారే వచ్చింది. మంచిగనే పనిచేస్తున్నది.

ఈ యేడు పోటీల టీవీ పెట్టిన్రు. ఆ ముచ్చట అత్తమ్మకు చెప్పిన.

"ఎంత పెద్దదట?"

చేతులు చాపి చూపెట్టిన. నా రెండు చేతుల నడుమ జాగను జెరసేపు చూసింది.

"ఈసారి చిన్నగ పేర్చుదాం," అన్నది. "ఎవలు అడగనంత చిన్నగ."