మొక్కుకోని తలనీలాలు

దీపం వెలిగించేటప్పుడు నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. ఏళ్లుగా ఇంతే. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

స్వామి నాకు తక్కువ చేసింది లేదు. సిడ్నీలో ఒక నీడ, నెమ్మదైన భర్త, ఆరోగ్యంగా తిరిగే కూతురు. రోజూ కృతజ్ఞతలు చెప్పుకుంటాను. ఆ స్వామి పేరు మీద అబద్ధమాడిన నోటితోనే చెప్పుకుంటాను.

మా ఆయన ఒకప్పుడు గ్లామ్ మెటల్ అనే ఒక రకం రాక్ బ్యాండ్‌లో గిటార్ వాయించేవారు. వీపు దాకా జుట్టు, మెరిసే బిగుతు బట్టలు, కళ్లకు కాటుక. పగలు ఆఫీసు, వారాంతాల్లో పబ్బులు. తొలిరోజుల్లో ఆ బ్యాండ్ల గిటారిస్టులు ఒకరిని మించి ఒకరు వేళ్లను పరుగెత్తించేవారట. తర్వాత అందరూ అందరినీ అనుకరించి, పాట మధ్యలో గిటార్ ఒక్కటే మోగే సోలో ఒక తంతుగా మారిందట. ఆపై ఫ్యాషన్ మారి ఆ సోలోలే అక్కర్లేకుండా పోయాయట. "చివరికి వాళ్లకి జుట్టు మిగిలింది, చేతులు పోయాయి" అని నవ్వేవారు. తన చేతులు పోకూడదని ఆఫీసు నుంచి రాగానే గ్యారేజీలో సాధన చేసేవారు.

నేను బడికి వెళ్లలేదు. చదువూ, వీణా అమ్మే ఇంట్లో నేర్పింది. అందుకే ఆయన తీగ లాగితే స్వరం చేరాల్సిన చోటికే చేరుతోందని నాకు తెలిసేది. పబ్బులో ఆ గోల మధ్య అది విన్నది బహుశా నేనొక్కదాన్నే. తెలిసి కూడా ఆ పని చేశాను.

పాప పసిగుడ్డుగా ఉన్నప్పుడు జ్వరమొచ్చి ఆస్పత్రిలో ఉంది. తగ్గింది. స్వామికి దణ్ణం పెట్టుకుందామని సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్ గుడికి వెళితే, ఒక ఆంటీ ఆయన్ని చూసి నాతో, "వెనక నుంచి నువ్వే అనుకున్నానమ్మా, జడ వేసుకోలేదేమని అడగబోయాను!" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. తిరిగొస్తూ కారులో అన్నాను:

"ఏవండీ, పాపకి తగ్గితే మీ తలనీలాలిస్తానని మొక్కుకున్నాను."

"నా జుట్టా? నీది మొక్కుకోవచ్చుగా!"

"కంగార్లో నోటికొచ్చేసింది."

"బ్యాండ్‌తో క్వీన్స్‌లాండ్ టూర్ ఉంది కదే..." ఒక చేత్తో జుట్టు వెనక్కి తోసుకున్నారు. "సర్లే. పాప కన్నా ఎక్కువా? వచ్చే సండే ఇచ్చేద్దాం."

నేను మొక్కుకోలేదు.

ఆంటీ మాటకు సిగ్గుపడి అలా అన్నానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. అంతేనా? పాపను ఎత్తుకుని ఇంట్లో ఉన్న నాకు, గుడ్డ కప్పుకుని మూలనున్న వీణ కనబడుతుంటే, ఆయన కోసం పబ్బులో కొట్టే చప్పట్లు భరించలేకపోయానని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. ఇంత అసూయను పక్కన పెట్టుకుని నేను రోజూ పూజ ఎలా చేశాను?

ఆయన గుండు చూసి బ్యాండ్ వాళ్లు విగ్గు తెచ్చారు. దేవుడికి ఇచ్చేశాక దొంగజుట్టు పెట్టుకోనన్నారాయన. గుళ్లో కళ్లు కూడా సరిగా మూయని మనిషి. వాళ్లు ఇంకొకరిని తీసుకున్నారు. జుట్టు మళ్లీ పెరిగింది. ఆయనే కత్తిరించేసుకున్నారు. గ్యారేజీలో చప్పుడు మెల్లగా ఆగిపోయింది.

మొన్న పాప ఆ గిటార్ బయటికి తీసింది. ఇప్పుడు హైస్కూల్. "ఆ ఫాస్ట్ బిట్ ప్లే చెయ్ డాడ్!" అంది. ఆయన మొదలుపెట్టారు. వేళ్లు సగంలో తడబడ్డాయి. "డాడ్, దట్ వాజ్ సో బ్యాడ్!" అని పాప పడిపడి నవ్వింది. ఆయన దాని తల నిమిరారు. "జుట్టుతో పాటు చేతులు కూడా స్వామికిచ్చేశానేమోరా. పోతే పోయాయి, నువ్వున్నావు."

టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడిపోయాను.

నిజం చెబితే, ఆయన దేనికోసం పోగొట్టుకున్నట్టు? ఏమీ మిగలదు. ఇది దయా, మళ్లీ నా పిరికితనమేనా? స్వామిని క్షమించమని కూడా అడగలేదు. ఏ పేరుతో అబద్ధమాడానో ఆ పేరుతోనే ఎలా అడగను?

ఇప్పుడు కూడా గ్యారేజీలోంచి ఆయన వాయిస్తున్న ఆ ముక్క వినబడుతోంది. ప్రతిసారీ అక్కడే ఆగుతోంది. తర్వాతి స్వరం ఏదో నాకు తెలుసు. వెళ్లి చెప్పలేను. ఆయనకు చెప్పాల్సింది అదొక్కటే కాదు.

నేను మొక్కుకోలేదు. ఆ మాట మొదటిసారి నాలోంచి బయటికొచ్చింది. అంతవరకే తేలిక.