నాలుగో పైపు

నిన్న కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పెట్టారు. మా పరిశోధన గైడుగారి పదవీ విరమణ సన్మానం. ఆహ్వానం నాకు రాలేదు, ఫోటో మాత్రం వచ్చింది. పాత ల్యాబులో, మెడలో శాలువాతో, పైపుల ముందు నిలబడి ఆయన నవ్వుతున్నారు. ఆ పైపులు బిగించింది నేనని కింద ఎవరూ రాయలేదు. నాకిది అలవాటే. ఆ గదిలో చాయ్ వచ్చిన ప్రతిసారీ అందరికీ కప్పు అందేది, నాకు తప్ప. ఎవరు పంచేవారో కూడా గుర్తుంది.

పైపులో నీరు పారేటప్పుడు గోడల ఒరిపిడికి కొంత శక్తి పోతుంది. లోపల తుప్పు పట్టిన పాత పైపుల్లో అది ఎంత పోతుందన్నది నడివయసులో నేను మొదలుపెట్టిన పరిశోధన. సిద్దిపేటలోని పాత ఇనుము దుకాణంలో నాలుగు పైపులు ఏరి తెచ్చాను. ఒక్కో పైపు రెండు చివరలనూ పాదరసం పోసిన వంపు గాజుగొట్టానికి కలుపుతాం. నీరు పారితే పాదరసం ఒకపక్క లేస్తుంది, ఒకపక్క దిగుతుంది. ఆ తేడాయే పోయిన శక్తి. నీరు ఆపితే రెండు పక్కలూ సమం కావాలి. మూడు పైపులకు అయ్యాయి. నాలుగోదానికి కాలేదు. పంపు ఆపినా, వాల్వులు రెండూ బిగించినా, అవతల ఎవరో నీళ్లు పట్టుకుంటున్నట్టు ఆ తేడా అలాగే నిలిచేది. గాలి బుడగేమోనని గొట్టాలన్నీ మార్చాను. పైపు మీద చెయ్యి పెడితే సన్నగా వణుకు తెలిసేది.

ల్యాబు ఊడ్చే అక్కది వేములఘాట్. ఊరు మల్లన్నసాగర్ రిజర్వాయరు నీళ్ల కింద మునిగిపోయాక ఇటు వచ్చింది. ఆ పైపు దగ్గరికి రాగానే చీపురు ఆపి నిలబడేది. ఒకరోజు అది ఎక్కడిదని అడిగింది. మీ ఊరి నుంచే వచ్చిందట అని, దుకాణంలో విన్నది చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"మా నల్లా నేను బంద్ చెయ్యలే సార్. సామాన్లన్ని డీసీఎం బండిల ఎక్కిచ్చినంక, ఆఖరుకు ఒక్క బిందె పట్టుకుందమని పెట్టిన. అది నిండకముందే డ్రైవరు బండి కదిలిచ్చిండు. బిందె గాడనే ఉండిపాయె."

"ఊరే లేదు గద అక్కా, ఇంక ఏడ పారుతది?"

"నిండలే గద సార్."

గైడుగారిని పిలుచుకొచ్చాను. కరెంటు లేని మధ్యాహ్నం, పంపు తిరిగే వీలే లేదు. ఆయన పెన్నుతో గాజును తట్టారు. పాదరసం కదలలేదు, తేడా అలాగే ఉంది. పైపు మీద చెయ్యి వేసి, చప్పున తీసి, ప్యాంటుకు తుడుచుకున్నారు. తడి ఏమీ లేదు, అయినా తుడుచుకున్నారు. ఇంతలో గుమ్మం దగ్గర విద్యార్థులు కనబడ్డారు.

"నీ పైపుల నీళ్లు కాదయ్యా, దయ్యాలు పారుతున్నయ్," అని గట్టిగా అన్నారు. అందరూ నవ్వారు. వాళ్లు వెళ్లాక గొంతు తగ్గించి, "నాలుగోది తీసెయ్. మూడింటితోనే థీసిస్ రాసియ్యి, రేపే సంతకం పెడ్త," అన్నారు.

తీయలేదు. కళ్లారా చూసిన మనిషి చూడలేదంటే నేనెందుకు తీయాలి? సంతకం పడలేదు, డాక్టరేటు రాలేదు. పెళ్లిళ్లలో 'ఇంకా కాలేదా నీ చదువు' అని నవ్విన ముఖాలన్నీ నాకు గుర్తే.

రాత్రి ఆ ఫోటోను పెద్దది చేసి చూశాను. ల్యాబు కొత్త భవనంలోకి మారింది. పాత గదికి ఇప్పుడు నీళ్లూ లేవు, కరెంటూ లేదు. మూడు గాజుగొట్టాల్లో పాదరసం సమంగా ఉంది. ఆయన భుజం పక్కన నాలుగోదానిలో ఇంకా తేడా ఉంది. అయితే నేను వదిలి వచ్చినప్పటికంటే తక్కువ. సమం కావడానికి ఇంకా కొద్దిగానే ఉంది. సన్మానాల్లో అందరూ కాలం గడిచిపోయిందని అంటుంటారు. గడవలేదు. ఎక్కడో నీళ్ల అడుగున ఆ బిందె నిండుతోంది, అంతే.