నేను శృతి చెడగొట్టిన బాస్ గిటారు

నా చిన్నప్పుడే నేనొక గురువునయ్యాను. హైదరాబాదు ఆర్కెస్ట్రాలన్నీ పోటీపడి పిలిచిన ఒక గొప్ప బాస్ గిటారు వాద్యగాడికి శృతి చేయడం నేర్పింది నేనే. అప్పటికి నాకు నిక్కరు జారకుండా కట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. ఈ మాట మా మనవలకు చెబితే, ఆయన పేరు చెప్పు తాతయ్యా, ఫోన్లో వెతుకుతామంటారు. వెతకొద్దంటాను. కొన్ని ఘనకార్యాలు ఫోన్లలో దొరకవు.

మా నాన్నకు ఇక్కడ ఉద్యోగం రావడంతో కృష్ణా జిల్లా నుంచి దిల్‌సుఖ్‌నగర్ చేరాం. ఇవాళ బట్టల దుకాణాలూ కోచింగ్ సెంటర్లూ ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్న చోట అప్పుడు ఇళ్ళకంటే ఖాళీ జాగాలే ఎక్కువ. ఎల్బీనగర్ వైపు చూస్తే విజయవాడ రోడ్డు, దాని మీద లారీలు లేపే దుమ్ము, అంతే కనిపించేది. మాది రెండు వాటాల ఇల్లు, మధ్య గోడ ఒక్కటే. ఇటు వాటాలో మేము, అటు వాటాలో నల్లగొండ పల్లె నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళకు పెళ్ళీడుకొచ్చిన ఒక అక్క, ఆమె తర్వాత చాలా ఆలస్యంగా పుట్టిన నా ఈడు కొడుకు. మాతోపాటు మా బాబాయి ఉండేవాడు. పగలంతా ఆఫీసులో గుమాస్తా, సాయంత్రాలు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో బాస్ గిటారు.

ఆ గిటారును విశాఖపట్నంలో ఓడ దిగిన ఒక బ్యాండువాడి దగ్గర కొన్నాడు. ముదురు ఎరుపు రంగు, బారెడు మెడ, నాలుగే నాలుగు తీగలు. లావు తీగ నా చిటికెన వేలంత ఉండేది. సరే, అంత కాదు, చీపురుపుల్లంత. దాన్ని మీటితే చెవికంటే ముందు పొట్టకు వినపడేది. నాకు మాత్రం అది తాకకూడని వస్తువు. చెయ్యి వేయబోతే బాబాయి, "ముందు విను, తర్వాత తాకు" అనేవాడు. వినడానికి ఏముందో నాకు అర్థమయ్యేది కాదు. నాకు కావలసింది దాన్ని మెళ్ళో వేసుకుని వీధి చివరిదాకా నడవడం.

ఆదివారాలు మలక్‌పేట నుంచి రేడియోలు బాగుచేసే ఒకాయన వచ్చేవాడు. పాత తలుపు చెక్కను కోసి తనే ఒక బాస్ తయారు చేసుకున్నాడు. బాబాయి గిటారు శబ్దం పెంచే పెట్టెను కూడా పాత రేడియో సామానుతో చేసింది ఆయనే. వచ్చినవాడు చెప్పులు విడవకముందే వాదన మొదలయ్యేది. వేళ్ళతో మీటాలని బాబాయి, పిక్కుతో, అంటే చిన్న ప్లాస్టిక్ బిళ్ళతో మీటాలని ఆయన.

"వేలితోని కొడితే పప్పు ఉడికినట్టు బుడబుడ అంటది భాయ్. సప్పుడు పలకాలె!"

"మీరు పిక్కుతో గోకుతుంటే రేకు డబ్బా తోముతున్నట్టుందండీ. పాట వింటున్నామా, అంట్లు వింటున్నామా?"

తిట్టుకుంటూనే ఒకరి గిటారును ఒకరు ఒళ్ళో పెట్టుకుని నిమిరేవారు. బాబాయి గిటారు మెడ మీద రేడియో ఆయన బొటనవేలు జరిగే తీరు నాకిప్పటికీ గుర్తు. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ చెయ్యి కొంచెం ఆలస్యంగా వదిలేది. అసూయను నేను మొదటిసారి చూసింది ఆ వేలిలోనే. కొద్ది రోజులకే అది నాకూ వచ్చింది.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రాజుకుంది. బడులు మూతపడ్డాయి. ఊరేగింపులు, బందులు, కొన్ని రోజులు కర్ఫ్యూ. పాటల కార్యక్రమాలు ఆగిపోయాయి. ఆంధ్రా నుంచి వచ్చిన ఉద్యోగులు వెనక్కి పోవాలని గోడల మీద రాతలు. మా నాన్న ఆ గోడల పక్కనుంచే తలొంచుకుని ఆఫీసుకు వెళ్ళి వచ్చేవాడు. ఆఫీసు నడవని రోజుల్లో బాబాయి ఇంట్లోనే సాధన చేసుకునేవాడు. గొడవగా ఉన్న రోజున పెట్టె ఆన్ చేసేవాడు కాదు. పెట్టె లేని బాస్ గిటారు దోమకంటే కొంచెం గట్టిగా పలుకుతుంది. అందుకని గిటారు తలను మా చెక్క బీరువా తలుపుకు ఆనించి వాయించేవాడు. అప్పుడు తలుపు చెక్క అంతా పాడేది.

ఒకనాడు పక్కింటి అబ్బాయి గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే అడిగాడు. "కాకా, నువ్వు లావు తీగె కొట్టంగ ఒక్క తాన మాత్రం మా ఇంట్ల చెంబు లొడలొడ అంటది. గదొక్క చెంబే. గట్లెందుకు?"

బాబాయి పెట్టె ఆన్ చేసి, లావు తీగను గిటారు మెడ మీద ఒక్కొక్క మెట్టు దగ్గరా నొక్కుతూ మీటాడు. మూడో మెట్టు దగ్గర గోడ అవతలి గూట్లో ఇత్తడి చెంబు నిజంగానే లొడలొడలాడింది. బాబాయి ముఖం వెలిగిపోయింది. అంతగా ఆ ముఖం నాకోసం ఎప్పుడూ వెలగలేదు. ఆ సాయంత్రమే వాణ్ణి బీరువా పక్కన చాప మీద కూర్చోబెట్టి, గిటారును వీణలాగా ఒళ్ళో అడ్డంగా పెట్టాడు. మెడ పట్టుకోవడానికి వాడి చెయ్యి చాలలేదు. అయినా పెట్టాడు.

ఆయన సొంత అన్న కొడుకునైన నేను గడప మీద కూర్చుని చూస్తున్నాను.

మర్నాడు పెరట్లో వాణ్ణి పట్టుకున్నాను. "మీవాళ్ళు మమ్మల్ని పొమ్మంటున్నారుగా! మరి మా గిటారెందుకు మీకు?"

వాడు, "మీరు పోండ్రి. గిటార్ ఈడ వెట్టి పోండ్రి," అన్నాడు.

ఏడుస్తూ పోయి బాబాయికి చెప్పాను, ఉద్యమం వాళ్ళందరి తరఫునా వీడొక్కడికే శిక్ష పడాలన్నట్టు. బాబాయి పడీపడీ నవ్వి, "మనల్ని పొమ్మనేవాళ్ళ సంగతి నాకు తెలీదుగానీ, వీడు మాత్రం నేను పొమ్మన్నా పోవట్లేదురా," అన్నాడు. పైగా, పక్కింటి అక్క పెళ్ళి కుదిరిందనీ, గొడవలు సర్దుకోగానే ఇంటి ముందు పందిట్లో తమ ఆర్కెస్ట్రానే వాయిస్తుందనీ, అందులో ఒక పాటకు మా ఇద్దరిలో ఎవరు బాగా సిద్ధమైతే వాళ్ళు స్టేజీ మీద బాస్ వాయించవచ్చనీ చెప్పాడు. రెండే రెండు స్వరాల పాట. ఎవరు అన్నది నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఇక గురుత్వం సంగతి. బాబాయి వాడికి శృతి గురించి చెప్పింది ఒకే ఒక్క మాట. లావు తీగను అయిదో మెట్టు మీద నొక్కి మీటితే ఎలా పలుకుతుందో, దాని పక్క తీగ నొక్కకుండా మీటినా అలాగే పలకాలి. అట్లా తీగ నుంచి తీగకు పోవాలి. నేనేం చేశానంటే, సాయంత్రం వాడు పాఠానికి రాకముందు బీరువా దగ్గరికి పోయి, తీగల్ని బిగించే బిరడాల్లో ఒకదాన్ని తిప్పి వచ్చేవాణ్ణి. వాడు వాయిస్తే అపస్వరం రావాలి, బాబాయి విసుక్కోవాలి, నన్ను పిలవాలి. ఇదీ పథకం.

మొదటిసారి బాగా తిప్పేశాను. వాడు మీటగానే పళ్ళు పులిసినట్టు ముఖం పెట్టి, బీరువా తలుపుకు చెవి ఆనించి, అయిదో మెట్టు నొక్కుకుంటూ పోయి సరిచేసుకున్నాడు. రోజూ అలా చేయడమే పాఠమనుకున్నాడు వాడు. సరే కదా అని కొంచెం తక్కువ తిప్పాను. దాన్నీ పట్టుకున్నాడు. ఇంకా తక్కువ. వాడికి తెలియకుండా పాట మాత్రం చెడాలంటే ఎంత తిప్పాలో ముందు నాకు తెలియాలి కదా. అందుకని నేనూ తలుపుకు చెవి ఆనించి తిప్పడం మొదలుపెట్టాను. అంతకుముందు ఎవరెంత చెప్పినా వినని నేను, అసూయకొద్దీ విన్నాను.

ఒకనాడు మహా తెలివి పుట్టింది. నాలుగు తీగల్నీ సమానంగా వదులు చేశాను. ఒకదానితో ఒకటి కలుస్తాయి, అన్నీ కలిసి తప్పు పలుకుతాయి. ఇక వీడి అయిదో మెట్టు ఏం చేస్తుందో చూద్దామనుకున్నాను. ఆ రోజు బయట గొడవ లేదు, బాబాయి పెట్టె ఆన్ చేసి ఇచ్చాడు. వాడు సరిచూసుకున్నాడు, అన్నీ కలిశాయి. మీటడం మొదలుపెట్టి, ఆగి, గోడ వైపు తిరిగాడు.

"కాకా, మా చెంబు లొడలొడ అంటలేదు."

ఇత్తడి చెంబు కూడా నా మీద సాక్ష్యం చెప్పింది.

బాబాయి నా వైపు చూడలేదు. వాణ్ణి ఇంటికి పంపేసి, తలుపు దగ్గరగా వేసి, నాలుగు బిరడాలూ పూర్తిగా వదులు చేసి గిటారు నా ఒళ్ళో పెట్టాడు. "నువ్వు సరిచెయ్యి," అన్నాడు. దెబ్బలు పడతాయనుకున్నవాణ్ణి, లావు తీగ బిగించడం మొదలుపెట్టాను. మూడో మెట్టు నొక్కి మీటుతూ, చెంబు లొడలొడలాడేదాకా బిగించాను. తర్వాత దాని పక్కది, దాని పక్కది. చివరికి బాబాయి ఒకసారి నాలుగూ మీటి చూసి, ఒక్క బిరడానీ ముట్టుకోలేదు.

"వాడికి నేను చెప్పింది ఒక్క ముక్క. మిగతాదంతా నువ్వే నేర్పావు, రోజూ తిప్పి. నీకు నువ్వూ నేర్పుకున్నావు. ఈ చెవి నీకు దేంతో వచ్చిందో నాకు తెలుసురా. దేంతో వస్తేనేం, వచ్చింది. పెళ్ళిలో వాయించేది వాడు. శృతి చేసిచ్చేది నువ్వు."

అంతా తెలిసి రోజూ ఊరుకున్నాడన్నమాట. నేను బిరడా తిప్పుతున్నానని తెలిసి, ఆ బిరడాలే నా చేతికిచ్చాడు. దెబ్బలు కొట్టి ఉంటే బాగుండేది, రెండు రోజుల్లో మరిచిపోయేవాణ్ణి.

గొడవలు చల్లబడ్డాక పెళ్ళి జరిగింది. నల్లగొండ నుంచి లారీ నిండా చుట్టాలు దిగారు. ఆంధ్రోళ్ళ ఆర్కెస్ట్రా ఎందుకు తెచ్చినవని వాళ్ళలో ఒక పెద్దాయన గట్టిగానే గొణిగాడు. పక్కింటి అక్క వాళ్ళ నాన్న, "నీకు నచ్చకుంటే చెవులు మూసుకో మామా, బువ్వ మాత్రం తినిపో," అని నవ్వించాడు. ఆ పందిట్లో బాస్ తేడాగా పలికితే నవ్వులపాలయ్యేది వాడొక్కడే కాదు, మా బాబాయి కూడా. అది నాకు తెలుసు.

సాయంత్రం స్టేజీ వెనక నేను శృతి చేశాను. బాబాయి ఒకసారి మీటి చూసి, తలూపి, టీ తాగడానికి వెళ్ళిపోయాడు. కావాలనే వెళ్ళాడని ఇప్పటికీ అనుకుంటాను. నేనూ గిటారూ మిగిలాం. పరదా సందులోంచి చూస్తే వాడు కొత్త చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని నిలబడి ఉన్నాడు. మావాళ్ళూ వాళ్ళవాళ్ళూ అందరూ వాణ్ణే ముద్దు చేస్తున్నారు. నా వేళ్ళు సన్న తీగ బిరడా మీదే ఉన్నాయి. రవ్వంత తిప్పితే చాలు. ఎంత తిప్పాలో లోకంలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

తిప్పలేదు. వేళ్ళు తీసేశాను. వాడు వాయించాడు, రెండు స్వరాలూ నిండుగా పలికాయి. లారీలో వచ్చిన ఆ పెద్దాయన కూడా తల ఊపాడు. నేను స్టేజీ వెనక చీకట్లో నిలబడి ఏడ్చాను. సంతోషంతో అని మనవలకు చెబుతాను. సంతోషం కాదు.

ఇప్పుడు గొప్పల లెక్క సరిచేయాలి. ఆర్కెస్ట్రాలన్నీ పోటీపడి పిలిచిన వాద్యగాడని మొదట్లో రాశాను కదా, అది సాగదీసిన మాట. వాడు మీర్‌పేటలో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం నడిపాడు, ముహూర్తాలున్నప్పుడు పెళ్ళిళ్ళలో బాస్ వాయించాడు. బాగానే వాయించాడు. ఎంత బాగానో చెప్పడం ఇప్పటికీ నాకు కష్టం. నేను మాత్రం ఏ వాద్యమూ నేర్చుకోలేదు. ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం, ఇప్పటికీ ఆదివారాలు కలిసి ఫోన్లో కొత్త కొత్త బాస్ గిటార్లు చూసి కొట్లాడుకుంటాం. అయిదు తీగలది ఎందుకని నేను, ఉంటే నీకేం నొప్పని వాడు.

ఆ రోజు నుంచి నాతో ఉన్నది ఇదొక్కటే. ఏ ఫంక్షన్ హాల్లో పాట వినపడినా నా చెవి ముందు కింది స్వరాన్ని వెతుకుతుంది. తీగ వెంట్రుకవాసి తగ్గినా పట్టుకుంటుంది. ఎవరైనా మెచ్చుకుంటే, ఇది సాధనతో వచ్చిన చెవి కాదని నాకు గుర్తొస్తుంది. కడుపుమంటతో వచ్చిందని తెలిసి కూడా ఒక పెద్దమనిషి దాన్ని నమ్మి, గిటారు నా చేతిలో వదిలి టీకి వెళ్ళాడు. ఆ నమ్మకం చెడకుండా వేళ్ళు తీసేశానే, నా బతుకులో చేసిన మంచిపనుల్లో దాన్నే మొదట చెప్పుకుంటాను.

ఇంతవరకూ రాసి, పోయిన ఆదివారం వాడికి చదివి వినిపించాను. చెంబు దగ్గర నవ్వాడు, వాళ్ళ అక్క దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. చివరిదాకా విని, కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుస్తూ అన్నాడు.

"తిప్పలేదా? ఎవనికి చెప్తున్నవ్ రా? సన్న తీగె దిగిపోయి ఉండె. మైకు ముందట కూసున్నంక, మీ బాబాయి చూస్తుండంగ, నేనే సరిచేసుకొని మొదలువెట్టిన."