ఈక గాలం బాబాయ్

మా బాబాయ్ పోయాడని మొన్న శుక్రవారం తెలిసింది. ఈ ఎడారి దేశంలో, సల్మాబాద్ లేబర్ క్యాంపులో నేను బట్టలు ఉతుక్కుంటుంటే, సెలవు నుంచి తిరిగొచ్చిన బాబాయ్ వాళ్ళ ఊరాయన చెప్పాడు. నేనడిగింది ఒక్కటే: “ఏటికి వెళ్ళాడా?”

ఆయన నాకు చుట్టం కాదు. ఒకే గదిలో ఆయనది కింది మంచం, నాది పై మంచం. అదే చుట్టరికం.

వర్క్‌షాపులో వెల్డింగ్ చేసేవాడు. ఒక ఇంగ్లీషు దొర, ఇంజనీరు, తన దేశం వెళ్ళిపోతూ తన గాలపు కర్ర ఆయనకిచ్చాడు. ఆ దొర దేశంలో అడవి ఏట్లో ట్రౌట్ అనే చేప ఉంటుందట. కొక్కేనికి ఈక చుట్టి నీటిమీద ఆడిస్తే పురుగనుకుని పట్టేస్తుందట. పట్టాక మళ్ళీ వదిలేయాలట. ఈక సంగతి విని నవ్వాం. వదిలేసే సంగతి విని గదిలో అందరికీ ఒళ్ళు మండింది.

శుక్రవారాలు జల్లాఖ్ సముద్ర తీరంలో పావురం ఈక విసిరేవాడు. ఇక్కడ గదిలో చింతపండు నానుతుండేది. అక్కడ ఆయన పడ్డ చేపను రెండు చేతుల్తో నీళ్ళలో దించేవాడు.

“పులుసు ఎవడు పెడతాడు బాబాయ్, మీ దొరా?”

“పట్టుకోడం అందరికీ వచ్చురా. వదలడం మన కఫీల్‌కే రాదు.”

పాస్‌పోర్టు మమ్మల్ని పనికి తెచ్చుకున్న యజమాని, ఆ కఫీల్ దగ్గరే. సెలవడిగితే పనయ్యాక చూద్దామనేవాడు. సీలేరు పక్కన తన ఊరి అడవి ఏట్లో ఒక్కసారి ఈ ఈక విసరాలని బాబాయ్ కోరిక.

ఓసారి నేనూ తీరానికి వెళ్ళి, ఆయన టీకి వెళ్ళినప్పుడు, మార్కెట్లో కొన్న ఐసు చేపను ఆయన కొక్కేనికి తగిలించి నీళ్ళలో వేశాను. వచ్చి లాగాడు. కర్రలా బిగిసిన చేపను చూశాడు, నన్ను చూశాడు. కొక్కెం తీసి రెండు చేతుల్తో వదిలేశాడు. అది పొట్ట పైకిపెట్టి తేలుతూ పోయింది.

“చలిదేశం చేపరా పాపం. మన ఎండకి సొమ్మసిల్లింది.”

నా పులుసు సముద్రం పాలు. గదికి చేరేదాకా ఆయన నవ్వు ఆగలేదు.

చివరికి ఈ ఎండాకాలం సెలవు దొరికింది. టేప్‌రికార్డరు, దుప్పట్ల మధ్య కర్ర జాగ్రత్తగా కట్టుకున్నాడు. తను చుట్టిన ఈక ఒకటి నా మంచం చువ్వకు వేలాడదీసి, “ఉంచరా, ఏదోటి పడతాది” అని వెళ్ళాడు.

ఏటికి వెళ్ళాడా అన్న నా ప్రశ్నకు వాళ్ళ ఊరాయన అవునని తలూపాడు. “ఎళ్ళిన మర్నాడే ఏటికి పోయాడన్నా. చేప పడింది. వదిలేశాడు. ఇంటికాడ మసాలా నూరుకు కూకున్నారు, అందరూ ఒకటే తిట్లు.”

“ఏమన్నాడు?”

“నవ్వాడన్నా. ఆ నెల్లోనే నిద్దట్లో పోయాడు.”

సబ్బు చేతుల్తోనే గదిలోకి వచ్చాను. ఏసీ గాలికి ఆ ఈక, కింద బాబాయ్ ఖాళీ మంచానికి పైన, నీళ్ళున్నట్టే ఆడుతోంది.