ఆఖరి పేజీ మీద ఖాళీ చీటీ

నిన్న సాయంత్రం ఫోన్‌లో మా మేడం వాళ్ళ తమ్ముడు "అక్క లేదండీ" అన్నారు.

"ఎక్కడికెళ్ళారండీ?" అని అడిగాను నేను.

నిజంగానే అలా అడిగాను. మధ్యాహ్నం దాకా పక్క క్లాసులో గొంతు వినపడిన మనిషి. "లేదు" అంటే ఊళ్ళో లేరేమో అనుకున్నాను.

నాగరత్నం మేడం. కైకలూరు వైపు, కొల్లేరు అంచున ఉన్న మా చిన్న ఎలిమెంటరీ స్కూల్ హెడ్‌మిస్ట్రెస్. స్కూల్ నుంచి ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, టీ పెట్టుకుంటూ పడిపోయారట. హార్ట్ ఎటాక్.

మా స్కూల్లో టీచర్లం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్ని.

ఏడుపు రావట్లేదు. భయం వేస్తోంది. పోయిన మనిషి గురించి రాస్తూ నా భయం గురించి చెప్పుకోవడం బాగోదని తెలుసు. కానీ ఉన్న మాట అదే.

మేడం ఏ పాఠమైనా బొమ్మల కథల పుస్తకంతోనే మొదలుపెట్టేవారు. తీసివేతలకి కూడా ఒక కథ. "పది చేపల్లో మూడు పోయాయి" అని చదివితే, మా పిల్లలు "కొంగ ఎత్తుకుపోయిందాండీ, జబ్బు చేసిందాండీ?" అని అడిగేవాళ్ళు. చేపల చెరువుల మీద బతికే ఇళ్ళ పిల్లలు మరి. ఆవిడ ఆ రెండింటికీ లెక్క చేయించేవారు.

అది చూసి నేనూ ఉత్సాహపడ్డాను. మూడేళ్ళ క్రితం, ఉద్యోగంలో చేరిన కొత్త. ఏలూరులో ఒక బాతుపిల్ల పుస్తకం కొని, ముందు చదువుకోకుండానే రెండో క్లాసుకి తీసుకెళ్ళాను. "చెరువు రా రమ్మని పిలిచింది. బాతుపిల్ల గభాల్న దూకింది." పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మురిసిపోయాను.

మర్నాడు భోజనాల లైన్లో రెండో క్లాసు దుర్గ లేదు.

బాత్రూముల దగ్గర లేదు. గేటు బయట లేదు. మేడం నేరుగా స్కూల్ వెనక చేపల చెరువు వైపు నడిచారు.

దుర్గ గట్టు కిందికి దిగిపోయి, మడమల లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఇంకో అడుగు వేస్తే లోతు.

నేను అరవబోయాను. మేడం నా నోటికి చెయ్యి అడ్డం పెట్టారు. అరిస్తే పిల్ల ఉలిక్కిపడి జారుతుంది.

ఆవిడ గట్టు మీద కూర్చుని, క్లాసులో చదివే గొంతుతోనే మొదలుపెట్టారు. "అప్పుడు బాతుపిల్లకి ఆకలేసింది. అన్నం పెట్టేస్తున్నారని గట్టెక్కింది. ఒక అడుగు వేసింది..."

దుర్గ వెనక్కి తిరిగి ఒక అడుగు వేసింది. కథలో ఇంకో అడుగు. దుర్గ ఇంకో అడుగు. చెయ్యి అందగానే మేడం గట్టిగా పట్టుకున్నారు. గట్టు పైకి వచ్చేదాకా వదల్లేదు.

"చెరువు పిలుస్తుందేమోనని చూస్తున్నానండీ" అంది దుర్గ.

నన్ను మేడం తిట్టలేదు. తిడితే బాగుండేది. సాయంత్రం తెల్లకాగితం ముక్కలు కత్తిరించి, నా పుస్తకంలో "చెరువు" అని ఉన్న ప్రతి చోటా అతికించి, పైన "గాబు" అని రాశారు. మర్నాటి నుంచి బాతుపిల్ల ఇంటి వెనక నీళ్ళ గాబులో ఈదింది. పిల్లలు పడీపడీ నవ్వారు.

"పుస్తకం రాసినాళ్ళ ఊళ్ళో చెరువంటే తామరపూలమ్మా. మనకి చెరువంటే లోతు. ఏ పుస్తకమైనా ముందు మన గట్టు మీద నిలబడి చదువుకోవాలి నువ్వు. ఇంకోటమ్మా, భయపడొద్దని మాత్రం పిల్లలకి చెప్పకు. ఆ భయం ఉంటేనే గట్టు మీద ఆగుతారు" అన్నారు మేడం.

అప్పటి నుంచి మా బీరువాలో చీటీ లేని పుస్తకం లేదు.

నిన్న అన్ని క్లాసులనీ కూర్చోబెట్టి తాబేలుపిల్ల కథ చదివారు. గాలివానలో తల్లి నుంచి తప్పిపోయిన పిల్ల. ఆఖరి పేజీ ముందు ఆపేసి "మిగతాది సోమవారం" అన్నారు. పిల్లలు గోల. వెళ్తూ పుస్తకం నా టేబుల్ మీద పెట్టారు. "ఆఖరి పేజీ తేలట్లేదమ్మా. నువ్వూ ఓసారి చూడు." నేను చూడకుండానే బ్యాగులో వేసుకున్నాను.

ఈ పొద్దున మేడం వాళ్ళింటి దగ్గర దుర్గ, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఇప్పుడు ఐదో క్లాసు. ఏడవలేదు. నా దగ్గరికొచ్చి "తాబేలు కథ రేపు ఎవరు చెప్తారండీ?" అని అడిగింది.

నేనే చెప్పాలి. ఆ పిల్లలందరి మొహాల ముందు నిలబడి. మళ్ళీ ఏ మాట తప్పుగా చదువుతానో, ఏ పిల్ల ఎటు నడుస్తుందో. ఈసారి వెనక గట్టు మీద కూర్చునే మనిషి లేదు.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. ఆఖరి పేజీ మీద చీటీ అతికించి ఉంది. దాని మీద ఏమీ రాయలేదు.

కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాను. అడుగున అచ్చులో ఉంది: "ఆ రోజు నుంచి తాబేలుపిల్ల దేనికీ భయపడలేదు."

అప్పుడొచ్చింది ఏడుపు.

చాలాసేపటికి పెన్సిల్ తీసుకుని రాశాను. తప్పయితే చెరపొచ్చని పెన్సిల్.

"తాబేలుపిల్లకి ఇప్పటికీ భయమేస్తుంది. భయమేసినప్పుడు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుంటుంది."

తాబేలుకి చెయ్యెక్కడుందండీ అని రేపు దుర్గ అడుగుతుంది. అడగనీ.

మేడం, ఇంక మీరు నిశ్చింతగా ఉండండి. మీరున్న చోట మీకు శాంతిగా ఉండాలి.

భయంగానే ఉంది. అయినా రేపు గేటు తాళం నేను తీస్తాను.