కోతలయ్యాక వేయించుకుంటా

మిరపకోతల కాలంలో రాజుపాలెం పక్క పొలాల్లో టార్పాలిన్ పట్టాల గుడారాలు లేస్తాయి. వెల్దుర్తి వైపు మెట్ట ఊళ్ల నుంచి కూలీలు పిల్లాజెల్లాతో వచ్చి కోతలయ్యేదాకా అక్కడే ఉంటారు. నేను ఆ పక్క ఊరి నర్సుని. టీకాల డబ్బా తగిలించుకుని గుడారాల చుట్టూ తిరగడం నా పని. నోరు కొంచెం పెద్దదే. తిట్టకుండా పని జరగదు మరి.

నిరుడు ఒకమ్మాయి చంకలో తొమ్మిది నెలలు నిండిన ఆడపిల్ల ఉండేది. నన్ను చూస్తే చాలు, నా స్కూటీ తాళంచెవి కోసం చేతులు చాపేది. తట్టు రాకుండా టీకా వేస్తానంటే తల్లి పిల్లను వెనక్కి లాక్కుంది. ఇంతకుముందు టీకాకి జ్వరమొచ్చి పిల్ల చంక దిగలేదట, ఈమె పనికి పోలేకపోయిందట. రెక్కాడితేగానీ డొక్కాడని బతుకు.

"కోతలయ్యాక వేయించుకుంటాలే అక్కా. ఇప్పుడు జ్వరమొస్తే ఎవరెత్తుకుంటారు?" అంది.

తిట్టాను, బతిమాలాను, వినలేదు. ఆ కోపంతోనే డబ్బా తీసుకుని వచ్చేశాను.

కోతలు సగంలో ఉండగానే పిల్లకి ఒళ్లంతా తట్టు పోసింది. నేను వెళ్లేసరికి గుడారం ముందు వేపమండ కట్టి ఉంది. అమ్మవారు వచ్చిన చోటికి మందూ మాకూ రాకూడదని పిల్ల నాయనమ్మ నన్ను బయటే ఆపేసింది. లోపల్నించి దగ్గు వినపడుతూనే ఉంది. ఇంత నోరున్నదాన్ని, ఆ వేపమండ దాటలేకపోయాను. ఆయాసం ముదిరాక వాళ్లే ఆటో ఎక్కించారు. నరసరావుపేట చేరేలోపే పిల్ల పోయింది. టీకాతో ఆగిపోయే జబ్బు.

తర్వాత మిగతా పిల్లలకు టీకాలు వేయడానికి వెళ్లాను. పక్క గుడారం ఆమె బిడ్డను గుండెలకు అదుముకుని నిలబడింది. తనదీ అదే మాట, జ్వరమొస్తే కోతకెట్లా పోవాలని. నేను నోరు తెరిచేలోపే, బిడ్డను పోగొట్టుకున్న తల్లి లేచి వచ్చింది. ఆ బిడ్డను తన చేతుల్లోకి తీసుకుని నా ముందు కూర్చుంది.

"ఎయ్యక్కా," అంది నాతో. తర్వాత పక్కామె వైపు తిరిగింది.

"నువ్వు కోతకి పోవే. జ్వరమొస్తే నేనెత్తుకుంటా. నా చంక ఖాళీగానే ఉందిగా."